గోడ మేకుకు వేలాడిన నా చేతికర్ర

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం నిలబడి చెప్పడం మన అలవాటు, కానీ పామర్రు నుంచి ఈ అవనిగడ్డ దాకా బస్సులో వచ్చేసరికి నా కాళ్ళు అలిసిపోయాయి, అందుకని కూర్చునే చెబుతాను, మీరేమీ అనుకోవద్దు. రెండేళ్ళ క్రితమైతే ప్రాణం పోతున్నా కూర్చునేవాణ్ణి కాదు. ఆ పొగరు గురించే ఈ సాక్ష్యం.

నేను ముప్పై ఏళ్ళు గుడివాడ–బందరు బస్సులో కండక్టరుగా చేశాను. ఒక చేతిలో టిక్కెట్లు, ఇంకో చేతిలో చిల్లర, భుజాన సంచి, పెడన దగ్గర గుంతల్లో బస్సు ఎంత ఊగినా పైనున్న రాడ్ పట్టుకునేవాణ్ణి కాదు, జనం ఒకరి మీద ఒకరు తూలుతుంటే రాడ్ పట్టుకోండమ్మా, రాడ్ పట్టుకోండి బాబూ అని అరుస్తూ నేను మాత్రం నిటారుగా నిలబడేవాణ్ణి. నన్ను పడేయాలని డ్రైవర్లు కావాలని బ్రేకు కొట్టేవారు, టీ పందెం కాసేవారు, ఒక్కడూ గెలవలేదు. అలాంటివాడికి రిటైరైన కొన్నాళ్ళకు రెండు మోకాళ్ళూ పట్టేశాయి, చేతికర్ర లేనిదే గుమ్మం దాటలేని రోజులొచ్చాయి.

మా పామర్రు మందిరంలో నలభై రోజులు నా కోసం ప్రార్థన చేశారు, నేనూ కన్నీళ్ళతో చేశాను, నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది, ఆ మాట ఈరోజుకీ కాదనను, దేవునికే మహిమ! ఆ ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పి, ఇక ఇది నాకు అక్కర్లేదని చేతికర్ర తీసి ముందు బల్ల మీద పెట్టేశాను. సంఘమంతా చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు దానికి ఎర్ర రిబ్బను కట్టి, ప్రసంగ వేదిక వెనక గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. బయటి ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా ముందు ఆ కర్రను చూపించి, ఆ తర్వాత నన్ను చూపించేవారు. నేను లేచి నాలుగడుగులు నడిచి చూపించేవాణ్ణి. ఎంత బాగుండేదో, అబద్ధమెందుకు చెప్పాలి!

ఏడాది గడిచింది. వానాకాలంలో ఒక పొద్దున పెరట్లో స్నానాలగది దగ్గర పాచి మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. లోపల్నుంచి మా ఆవిడ సుగుణ ఏమిటా చప్పుడని అడిగితే, బకెట్ పడిందన్నాను. నా అంతట నేనే లేచి బట్టలు మార్చుకున్నాను. తర్వాత మందిరం మెట్ల దగ్గర చెప్పుల కుప్పలో కాలు ఇరుక్కుని పడ్డాను, అదృష్టం, అందరూ లోపల పాట పాడుతున్నారు. ఇంకోసారి కాలవ గట్టు మీద. పడిన ప్రతిసారీ ఎవరూ చూడలేదు కదా అన్నదే నా మొదటి ఆలోచన, దెబ్బ ఎక్కడ తగిలిందన్నది రెండోది. మళ్ళీ కర్ర కావాలని నా కాళ్ళు చెబుతూనే ఉన్నాయి, కానీ అది గోడ మీద రిబ్బను కట్టుకుని ఉంది, దాన్ని వెనక్కి అడిగితే నా సాక్ష్యం ఏమైపోవాలి, దేవుడి పేరు ఏమైపోవాలి అని నా బాధ. కొట్లో ఇంకో కర్ర కొనుక్కున్నా ఊరు చూడకుండా ఉంటుందా?

అందుకని తిరగడమే మానేశాను. పొద్దున కాలవ గట్టు మీద నడక మానేశాను, సెంటర్లో టీ మానేశాను, ఎవరైనా అడిగితే ఎండ అనో వాన అనో చెప్పి, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని హైవే మీద పోయే బస్సుల చప్పుడు వినేవాణ్ణి. కదలకపోతే పడనని అనుకున్నాను. కదలక కదలక తొడలు వడిలిపోయాయి, ఆ కుర్చీలోంచి లేవడమే ఒక పనైపోయింది. తిన్నా నీరసమే, పడుకున్నా నీరసమే. సహోదరులారా, పని చేసి అలిసిపోవడం నాకు ముప్పై ఏళ్ళు తెలుసు, దాచి దాచి అలిసిపోవడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన ఇంట్లోనే చేసుకుంటున్నాను. బీపీ మాత్ర వేసుకున్నాను, దాంతో మింగిన గుక్కెడు నీళ్ళు తప్ప కడుపులో ఏమీ లేదు. గంటసేపు మోకాళ్ళ మీద ఉండి ఒక్కసారిగా లేచేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. సుగుణ పరుగున వచ్చి పట్టుకోబోయింది. నేను వెళ్ళి ఆవిడ మీద పడ్డాను. నాకు గీత కూడా పడలేదు, ఆవిడ కుడి మణికట్టు విరిగింది.

గుడివాడ ఆసుపత్రిలో ఎలా జరిగిందమ్మా అని అడిగితే, నా వైపు చూడకుండా, "నేనే జారానండి, వంటింట్లో నీళ్ళు పడ్డాయి" అని చెప్పింది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ నోట నేను అబద్ధం వినలేదు. ఆ అబద్ధం ఆవిడ కోసం కాదు, నా కోసం, ఆ గోడ మీదున్న కర్ర కోసం. ఆ బెంచీ మీద కూర్చుని నేను ప్రార్థన చేశాను, నోరు కదపకుండా చేశాను. "ప్రభువా, నేను అలిసిపోయాను. నీ పేరు నిలబెట్టాలని నేను పడిన సంగతి దాచాను. నీ పేరు నేను నిలబెట్టాలా? నువ్వు నన్ను నిలబెడితే చాలు తండ్రీ."

కట్టు విప్పాక సుగుణ చేతికి వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఉండేది, మా మనవరాలి వయసుంటుంది. ఆ అమ్మాయి చెయ్యి చూడటం మానేసి నన్నే చూస్తోంది. నేను బెంచీ మీంచి లేవడానికి మూడుసార్లు ఊగాల్సొచ్చింది మరి. "తాతగారూ, ఈ ఏడాది ఎన్నిసార్లు పడ్డారు?" అని అడిగింది. పడ్డారా అని అడిగితే లేదనేవాణ్ణే, ఎన్నిసార్లని అడిగేసరికి నాలుగు అని నోరు జారింది.

"అయిదమ్మా," అంది సుగుణ. "మంచం దగ్గరది మర్చిపోయారు. బకెట్ కింద పడితే మూలుగు వినబడదు కదండీ."

ఆవిడకి అన్నీ తెలుసు! నా పరువు పోతుందని నాతో పాటు తనూ మోసింది. నేను ఆ ఆసుపత్రిలో చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ అమ్మాయి నన్ను ఏడవనిచ్చి, తర్వాత కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం, కూర్చోవడం నేర్పింది, వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడటం నేర్పింది, రోజూ చేస్తేనే కాళ్ళకు బలం, భయపడి కూర్చుంటే ఇంకా పడతారని చెప్పింది. డాక్టరు గారి దగ్గరికి కూడా పంపింది, ఆయన మాత్రల మోతాదు మార్చి, ఉపవాసం సంగతి ముందే తనకు చెప్పమని, మోకాళ్ళ మీంచి లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవమని చెప్పారు. కర్ర ఉందా అని ఆ అమ్మాయి అడిగితే ఉందమ్మా, మందిరంలో గోడకుంది అన్నాను. "అక్కడుంటే మీకేం లాభం, తెచ్చుకోండి" అంది.

తెచ్చుకోవడమంటే మాటలా! ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో సుగుణ ఎడమచెయ్యి పట్టుకుని ముందుకెళ్ళాను. అయిదు పడటాలూ వరసగా చెప్పాను, బకెట్ సంగతి కూడా చెప్పాను, మా ఆవిడ చెయ్యి విరిచింది నేనేనని చెప్పి, నా కర్ర నాకు ఇప్పించండి పాస్టరు గారూ అని అడిగాను. వెనక వరసలో ఒక పెద్దాయన విశ్వాసంలో జారిపోయాడని గొణిగాడు, నాకు వినబడింది, గుచ్చుకుంది కూడా. పాస్టరు గారు కుర్చీ వేసుకుని ఎక్కబోయి, ఆగి, పడతానేమోనని ఇంకొకరిని కుర్చీ పట్టుకోమని, మేకు నుంచి కర్ర దించి, రిబ్బను విప్పి నా చేతిలో పెట్టారు. తప్పు నాది కూడా అని మాత్రం అన్నారు.

ఆరాధన అయ్యాక మా వీధిలో ఉండే ఒకామె నా దగ్గరికొచ్చి, వాళ్ళ అత్తగారు మరియమ్మ గారిని ఒకసారి చూసి వెళ్ళమని అడిగింది. మరియమ్మ గారికి ఎనభై దాటాయి, ఎనిమిది నెలలుగా మందిరానికి రావడం లేదు, కోడలితో గొడవేమో అని మేమందరం అనుకున్నాం. కర్ర ఊనుకుంటూ వెళ్ళాను. ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ముందు నా కర్రను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నేనూ పడ్డాను బాబూ, రెండుసార్లు," అంది. "మందిరంలో నీ కర్ర చూసినప్పుడల్లా, ఆయనకి తగ్గింది, నాకు తగ్గలేదు, నా ప్రార్థనలోనే ఏదో తక్కువుందని రావడం మానేశాను."

సహోదరులారా, నా పరువు కోసం గోడ మీద పెట్టుకున్న కర్ర ఆ పెద్దావిడను ఎనిమిది నెలలు మంచం మీద కూర్చోబెట్టింది! ఆ మాట విన్నప్పుడు నా అయిదు పడటాలూ నాకు చిన్నవైపోయాయి. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమ్మా అని అడిగాను. క్షమాపణ తర్వాత, ముందు లేవడానికి చెయ్యివ్వు అంది.

ఇప్పుడు రోజూ పొద్దున మందిరం వరండాలో ఏడెనిమిది మందిమి పెద్దవాళ్ళం ప్లాస్టిక్ కుర్చీలు గోడకు ఆనించి వేసుకుని లేస్తూ కూర్చుంటున్నాం, నేను బస్సులోలాగే రైట్ రైట్ అంటే లేస్తారు, హోల్డాన్ అంటే కూర్చుంటారు, మరియమ్మ గారు నాకంటే ఎక్కువసార్లు లేస్తారు. చెప్పులు ఇప్పుడు మెట్ల మీద కాదు, పక్కన బల్ల మీద పెడుతున్నారు. మెట్లకు ఇనుప రాడ్ బిగించారు. ముప్పై ఏళ్ళు ఊరందరికీ రాడ్ పట్టుకోమని చెప్పి నేను పట్టుకోనివాణ్ణి, ఇప్పుడు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాన్ని పట్టుకుంటున్నాను. అంతా బాగైపోయిందని నేను చెప్పను. మొన్న కూడా తూలాను. సుగుణ ఆ చేత్తో తడిబట్ట పిండలేదు, నేను పిండుతున్నాను, పిండిన ప్రతిసారీ గుర్తొస్తుంది. అలసట ఉంది, కానీ దాచే అలసట పోయింది. నా దేవుడు నన్ను విడిపించింది దాని నుంచే, ఆయనకే స్తోత్రం!

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో పడి, బకెట్ పడిందని చెప్పినవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. ఇంటికెళ్ళి ఈ సాయంత్రమే చెప్పండి, డాక్టరుకు చెప్పండి, ప్రభువుకు కూడా చెప్పండి, ఆయన మీ కర్రను చూసి సిగ్గుపడేవాడు కాదు, ఆయన్ని నమ్మండి. నా మాటలు అయిపోయాయి, ఇప్పుడు లేస్తాను. ఈ వేదికకు కుడిపక్క మెట్టుంది, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎవరైనా ఒకరు వచ్చి చెయ్యివ్వండి.