దానమ్మ మేడమ్ పల్స్ వాచీ

ఎదుట మనిషి కనబడితే చాలు, చేతికి పల్స్ వాచీ కట్టి నాడి చూడందే దానమ్మ మేడమ్‌కి మాట పెగలదు. వట్లూరు దగ్గర ఓ నర్సింగ్ కాలేజీలో ఆవిడ ట్యూటరు. కువైట్‌లో నర్సుగా చేసే చెల్లెలు రెండువేల అయిదులో ఆ వాచీ పంపింది మొదలు పాలవాణ్ణి, పోస్ట్‌మాన్‌ని, ఫీజు కట్టడానికొచ్చిన తండ్రుల్ని ఎవరినీ వదల్లేదు. కరెంటు బిల్లు తెచ్చిన వీరాస్వామిని కూడా, "తొంభై ఎనిమిది కొడుతోంది బాబూ, కాసిని మజ్జిగ తాగి వెళ్లు" అని కుర్చీలో కూర్చోబెట్టేసింది.

ఈమధ్య అంకె మాత్రం ఎవరికీ చూపించదు. అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్లద్దాలు ముక్కు చివరికి దింపి తనే చదువుతుంది.

"మాకూ చూపించండి మేడమ్!"

"వెలుతురు తగిలితే అంకె చెరిగిపోతుందే."

అదెక్కడి విడ్డూరమో! పిల్లలు నోరు నొక్కుకుని నవ్వుకునేవారు.

జాయ్సీకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ప్రాక్టికల్ పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. పనొచ్చిన పిల్లే, కాని ఎగ్జామినర్ మొహం చూస్తే అన్నీ మర్చిపోతుంది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి అత్తిలిలో బట్టల కొట్లో నిలబెడతానని తండ్రి తోమా తేల్చి చెప్పేశాడు.

పరీక్షనాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వీరరాఘవమ్మ గారు అడుగుపెడుతూనే నిప్పులు కురిపించారు. పక్కదుప్పటి మీద ముడతలేంటన్నారు, ట్రే ఇలాగేనా సర్దేదన్నారు. జాయ్సీని బొమ్మ తలకి కట్టు కట్టమన్నారు. బ్యాండేజీ చుట్ట చేజారి మంచం కిందికి దొర్లిపోయింది.

"నువ్వా నర్సువయ్యేది?" అంటూ ఆవిడ పెన్ను తీశారు.

"ఏవండీ, ఓసారి చెయ్యిలా ఇవ్వండి" అంటూ దానమ్మ మేడమ్ మధ్యలో దూరింది.

"ఎందుకండీ?"

ఆ మాట పూర్తయ్యేలోపు వాచీ కట్టేసింది. "అమ్మో, నూట ఇరవై! ముందు కూర్చోండి. పొద్దుట ఏమైనా తిన్నారా?"

"బస్సు తప్పిపోతుందని... లేదండీ" అన్నారావిడ కంగారుగా.

ఇక చెప్పాలా? స్టాఫ్‌రూములో కొర్రమీను పులుసుతో అన్నం, ఆపైన గడ్డపెరుగు. ఈలోగా జాయ్సీ బొమ్మ తలకి కట్టు కట్టి, విప్పి, మళ్లీ కట్టి చూసుకుంది. ఎగ్జామినర్ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏదమ్మా, నిదానంగా కట్టు" అన్నారు. అదే మనిషి! కట్టు అటు లాగి ఇటు లాగి చూసి, "శుభ్రంగా కట్టావు. పాసే, వెళ్లు" అన్నారు.

దానమ్మ మేడమ్ వాచీని బీరువాలో పెట్టమని జాయ్సీ చేతికిచ్చింది. జాయ్సీ తిప్పి చూసింది. అంకె లేదు, గీత లేదు.

"మేడమ్, ఇది ఆగిపోయిందండీ!"

"అరవకే. అది ఆగి ఏడాదైంది."

"మరి ఆవిడకి నూట ఇరవై అన్నారు?"

"ఆకలి మీదున్న మనిషి మార్కులేం వేస్తుందే? తినమని నేనంటే మంచి చేసుకుంటున్నాననుకుంటుంది. మిషన్ చెబితే వింది."

"మరి నాకు పొద్దున్న నూట పది అన్నారు?"

"అది వేళ్లతో చూశాను. నిజంగా నూట పదే. అంత భయమెందుకే, పిచ్చిమొద్దూ!"

జాయ్సీకి ఆవిణ్ణి వాటేసుకోవాలనిపించింది. నవ్వాపుకుంటూ బయటికొచ్చింది.

వరండాలో వంతు కోసం వణుకుతున్న రమ్యశ్రీ ఎదురొచ్చి, "మేడమ్ నాకూ నాడి చూస్తానంటున్నారే. ఆ వాచీ చెప్పేది నిజమేనంటావా?" అని అడిగింది.

"ఒట్టు! ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు" అంది జాయ్సీ.