దివాణం పిలిచిన వస్తాదు

మా ఆయన కుస్తీ మానేసిన ఏడాది నాకు బాగా గుర్తు. ద్రాక్షారామం తీర్థంలో ఉత్తరాది పైల్వానును ఎత్తి పడేస్తుండగా ఆయన కుడి భుజం జారింది. పోటీ గెలిచారు కానీ ఆ చెయ్యి మళ్లీ తల పైకి లేవలేదు. అప్పటిదాకా తుని నుంచి నిడదవోలు వరకు ఎక్కడ గోదా తవ్వినా జనం ఆయన కోసమే వచ్చేవారు. ఆయన బండి దిగుతుంటే చూడటానికి గోడలెక్కేవారు. అలాంటి మనిషి చేతికి గుడ్డ కట్టుకుని ఇంట్లో కూర్చుంటే, నేనే అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేదాన్ని. తల వంచుకుని తినేవారు.

అప్పుడు జమీందారుగారి దివాన్ మా ఇంటికి వచ్చారు. కబురు పంపితే పరుగెత్తుకెళ్లే మనుషులం మేము. ఆయనే గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"వస్తాదుగారూ, మీరిక గోదాలోకి దిగక్కర్లేదండి. మన తాలింఖానాలో కుస్తీ నేర్చుకునే ఇరవై మంది కుర్రాళ్లకు తిండి పెడుతున్నాం. ఎవడు ఎలాంటివాడో చూసి నాకు చెప్పండి, అది చాలు. కచేరీలో నా పక్కనే మీకు కుర్చీ వేయిస్తాను."

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కచేరీలో కుర్చీ అంటే మాటలు కాదు. పెద్ద పెద్ద రైతులు కూడా అక్కడ నిలబడే మాట్లాడేవారు.

నేను మజ్జిగ తెచ్చిచ్చాను. దివాన్‌గారు గ్లాసు అందుకుంటూ ఇల్లంతా ఒకసారి కలయజూశారు.

"మీకు పిల్లల్లేరు కదమ్మా?" అన్నారు.

"లేరండి. మా తమ్ముణ్ణే పెంచుకున్నాం. మీ తాలింఖానాలోనే ఉంటాడు."

"ఓహో, ఆ అబ్బాయా! మంచి బలశాలి" అని నవ్వారు. ఆ నవ్వు నాకెందుకో నచ్చలేదు. మా ఆయనతో అనలేదు. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో సంతోషం కనబడింది. దాన్ని నేనెలా పాడుచేస్తాను?

మా తమ్ముణ్ణి కన్నాక మా అమ్మ ఎన్నో రోజులు బతకలేదు. వాణ్ణి చంకనేసుకునే నేను కాపురానికి వచ్చాను. మా ఆయన వాడికి నడక నేర్పారు, ఆ తర్వాత కుస్తీ నేర్పారు. వాడికి మా ఆయనంటే ప్రాణం.

కొత్త ఉద్యోగంలో మొదటి నెలలు బాగానే గడిచాయి. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టేవారు. ఫలానావాడి మెడ గట్టిదనీ, ఫలానావాడికి బలముంది కానీ తొందరెక్కువనీ చెప్పేవారు. దివాన్‌గారు అన్నీ శ్రద్ధగా వింటారనీ, తన మాటకు ఎంతో విలువిస్తారనీ మురిసిపోయేవారు. రానురాను ఆ దివాన్‌గారి ప్రశ్నలు మారాయి. ఎవడి పట్టు గొప్పదని అడగడం మానేశారట. దెబ్బ తగిలినా ఎవడు వెనక్కి తగ్గడు? చెప్పిన పని ఎదురు మాట్లాడకుండా ఎవడు చేస్తాడు? ఇలా అడుగుతున్నారట.

ఒకరోజు మా ఆయన నవ్వుతూ, "ఇవాళేం అడిగారో తెలుసా? వీళ్లలో వెనకా ముందూ ఎవరూ లేనివాళ్లెవరని అడిగారు. పెళ్లయినవాడి మనసు ఇంటి మీదే ఉంటుందని కాబోలు" అన్నారు.

నేను పొయ్యి మీది కూర దించేసి ఆయన వైపు తిరిగాను.

"మావాడి పేరు చెప్పారా?"

"చెప్పకేం! వాణ్ణి మించినవాడు అక్కడెవడున్నాడు?"

"వాడికి మనం ఉన్నాం కదండీ."

"పెళ్లాం పిల్లలు లేరన్నానే. దానికంత మొహం పెడతావేంటి?"

ఆయన చెప్పిన కుర్రాళ్లను దివాణంవారు వేరే పాకలోకి మార్చారు. వాళ్లకు నెయ్యి, మాంసం ఎక్కువ పెట్టసాగారు. కుస్తీ ఆపేసి దుడ్డుకర్రలు తిప్పడం నేర్పించారు. దసరా ఊరేగింపు కోసమని మా ఆయనతో అన్నారు. మా తమ్ముడికి పులుసన్నం తీసుకుని నేనొకసారి తాలింఖానాకు వెళ్లాను. గోదాలో మట్టి తిరగెయ్యడం మానేసి ఎన్నాళ్లయిందో, గట్టిపడి నెర్రెలిచ్చింది. మూలలో గడ్డి మొలిచింది. కుర్రాళ్లెవరూ నావైపు చూడలేదు. మా తమ్ముడు మాత్రం వచ్చి గిన్నె అందుకుని, "ఇకమీదట ఇక్కడికి రాకక్కా. దివాన్‌గారు ఒద్దన్నారు" అన్నాడు.

అసలు సంగతి చేపలమ్మే ఆవిడ చెప్పింది. వాళ్లాయన గోదావరిలో వల వేసేవాడు. ఆవిడ మా వాకిట్లో గంప దించి, చేప తూయకుండా నా మొహంలోకి చూసింది.

"అమ్మగారూ, మీ అయ్యగారు ఎంచిన మనుషుల్ని లంక మీదికి తోలతన్నారంట, నిజవేనాండీ?"

కిందటేడు వరద తీశాక ఏటి మధ్యలో ఒక కొత్త లంక తేలింది. అవతలి ఒడ్డు రైతులు అందులో పొగాకు వేశారు. ఆ నేల తమదని దివాణం అంటోంది. ఇంతవరకే నాకు తెలుసు.

"లంకోళ్లు ఆడోళ్లనీ పిల్లల్నీ ఒడ్డుకి పంపేశారండి. బల్లేలు నూరుకుని కూసున్నారు. మా ఆయన అటేపు వల కట్టడం మానేశాడు" అంది ఆవిడ.

మా ఆయన రాగానే చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత చొక్కా కూడా తొడుక్కోకుండా కండువా వేసుకుని కచేరీకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది.

"అడిగారా?"

"అడిగాను. కూర్చోబెట్టారు. తాంబూలం ఇచ్చారు. 'సలహా అడిగాం, మీరు చెప్పారు. దాంతో ఏం చేసుకోవాలన్నది మా పని కదండీ వస్తాదుగారూ' అన్నారు. కోపంగా కూడా అనలేదే."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రేవుకు వెళ్లాం. అప్పటికే పడవలు సిద్ధంగా ఉన్నాయి. కుర్రాళ్లు కొత్త తలపాగాలు చుట్టుకుని, కర్రలు పట్టుకుని కూర్చున్నారు. మా ఆయన మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి మా తమ్ముడున్న పడవ అంచు పట్టుకున్నారు.

"దిగరా. ఇది కుస్తీ కాదు. నాకు చెప్పిందొకటి, వీళ్లు చేస్తున్నది ఒకటి. దిగు."

"అంతమందిలో నన్ను ఎంచింది నువ్వే కదా బావా? ఇప్పుడు దిగితే వస్తాదు బావమరిది పిరికివాడంటారు. నీకే కదా తలవంపులు?"

"నాకేం కాదురా. నా మాట విను."

"ఒరేయ్, అక్కని చూడరా" అని నేను ఒడ్డు నుంచి అరిచాను.

వాడు నావైపు చూడలేదు. మా ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా, నొప్పి పెట్టకుండా విడదీశాడు. కుడి చేతిలో సత్తువ లేదని వాడికి తెలుసు. సరంగు గెడ వేశాడు. ఆ వేళ ఏటి మీద పొగమంచు ఇంకా విడలేదు. పడవలు అందులోకి వెళ్లి కనబడకుండా పోయాయి. గెడ చప్పుడు మాత్రం కాసేపు వినిపించింది.

మా ఆయన చాలాసేపు ఆ నీళ్లలోనే నిలబడ్డారు.

సాయంత్రానికి లంక దివాణం చేతికొచ్చింది. అవతలి ఒడ్డు ముసలి రైతు ఒకాయన పొగాకు చేలోనే చనిపోయాడు. మా తమ్ముడు బతికే వచ్చాడు. ఇంటికొచ్చి నూతి దగ్గర కూర్చుని చేతులు తోముకుంటూనే ఉన్నాడు. ఏం జరిగిందిరా అంటే, "తెలీదక్కా. అందరం కొట్టాం" అన్నాడు.

పోలీసులు కచేరీకి వెళ్లారు. పైల్వాన్లు తమ సొంత తగాదాల మీద వెళ్లారని, దివాణానికి సంబంధం లేదని దివాన్‌గారు చెప్పారు. పడవెక్కిన వాళ్లందరినీ ఆయనే పట్టించారు. వెనకా ముందూ ఎవరూ లేనివాళ్లెవరన్న ఆ ప్రశ్న ఆయన ఎందుకడిగారో నాకప్పుడు తెలిసింది. కచేరీ ముందు పడి ఏడవడానికి ఆ కుర్రాళ్లకు పెళ్లాలు లేరు, బిడ్డలు లేరు. నేనొక్కదాన్నే వెళ్లాను. బంట్రోతు గేటు దాటనివ్వలేదు. దివాన్‌గారి బండి నా పక్క నుంచే వెళ్లింది. ఆయన నన్ను గుర్తుపట్టి మర్యాదగా తల పంకించారు.

రాజమండ్రి కోర్టులో మా ఆయన సాక్ష్యం చెప్పారు. వెళ్లొద్దని నలుగురూ చెప్పినా వినలేదు. ఉన్నదున్నట్టు చెప్పారు. అప్పుడు దివాణం ప్లీడరు లేచాడు.

"ఈ మనుషుల్ని ఎంచింది ఎవరు?"

"నేనేనండి."

"కర్రలు పట్టుకుని వెళ్లి మనుషుల్ని కొట్టడానికి ఎంచమని దివాన్‌గారు మీతో అన్నారా?"

"అనలేదండి."

"మరి దేనికన్నారు?"

"కుస్తీలకేనండి."

"అంతే కదా" అని ప్లీడరు కూర్చున్నాడు.

మా ఆయన అక్కడే నిలబడ్డారు. ఇంకా చెప్పవలసింది చాలా ఉందన్నట్టు జడ్జీ దొర వైపు చూశారు. బంట్రోతు వచ్చి మోచెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. మా తమ్ముడికీ, మరికొందరికీ ఏళ్ల తరబడి జైలు పడింది. దివాన్‌గారిని బోనులోకి కూడా పిలవలేదు.

మేము ఆ ఊరు వదిలి నిడదవోలు పక్కన మా పుట్టింటివారి పల్లెకు వచ్చేశాం. మా ఆయన ఒంటి చేత్తో పని చెయ్యడం నేర్చుకుని కూరగాయల మడి చేశారు. తీర్థాలకు వెళ్లడం మానేశారు. ఎవరైనా పాత కుస్తీల మాట ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు.

శిక్ష పూర్తయిన రోజున ఇద్దరం రాజమండ్రి వెళ్లాం. జైలు గేటులోంచి వచ్చిన మనిషిని నేను వెంటనే పోల్చుకోలేకపోయాను. జుట్టు సగం నెరిసింది, భుజాలు కిందికి జారాయి. వాడు నా కాళ్లకు దణ్ణం పెట్టి, మా ఆయన ముందు తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన వాడి చేతిలోని మూట తీసుకుని తన భుజాన వేసుకున్నారు. ముగ్గురం రేవుకు నడిచాం.

కొవ్వూరు వెళ్లే పడవలో ఒక పెద్దాయన మా ఆయన వైపు పరీక్షగా చూసి, ముందుకు వంగి ఎంతో ఇష్టంగా అడిగాడు.

"మీరు వస్తాదుగారు కదండీ? ద్రాక్షారామంలో ఆ ఉత్తరాదివాణ్ణి ఎత్తి పడేసింది..."

మా ఆయన నీళ్లకేసి చూస్తూ, "కాదండి. మీరు ఎవర్ని చూసి ఎవరనుకున్నారో" అన్నారు.

ఆ పెద్దాయన నొచ్చుకుని వెనక్కి జరిగాడు. మా తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. అవతలి ఒడ్డు రాగానే మా ఆయన మళ్లీ ఆ మూట భుజాన వేసుకుని ముందు దిగారు.