బావ కళ్ళు నా చేతిలో ఉండేవి

నా పేరు రత్తమ్మ. వయసు అరవై మూడు. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూతురు సుధ, అల్లుడు మోహన్‌ల దగ్గర ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సుధ టైప్ చేస్తోంది.

మొన్న మా అక్క పోయింది. ఫేస్‌బుక్‌లో ఆవిడ ఫోటో కింద ఆవిడ కొడుకు కిరణ్ రాశాడు... "మా పిన్నికి పుట్టుకతోనే తెలివి తక్కువ. అమ్మే దయతలచి సాకింది" అని. చూసినవాళ్ళంతా దండాలు పెట్టారు. పోయినవాళ్ళ గురించి చెడు చెప్పకూడదంటారు. బతికుండగా ఆవిడ నా గురించి చెప్పింది కదా!

మా చిన్నప్పుడు... అమ్మ పోయాక, పద్నాలుగేళ్ళ నన్ను అక్కా బావా ఇక్కడికి తెచ్చుకున్నారు. డెబ్భైల చివర్లో. బడి ఊసే లేదు. చంటివాడు కిరణ్ ముడ్డి కడగడం, వంట, ఆ తర్వాత బేస్‌మెంట్.

బావ కార్ల కంపెనీలో ఇంజనీరు. నవంబరులో తోటివాళ్ళతో జింకల వేటకు పోయేవాడు. పేల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, బేస్‌మెంట్‌లో నాచేత మళ్ళీ నింపించేవాడు. గొట్టం తుడవాలి, అడుగున నిప్పు రాజేసే బుల్లి బిళ్ళ, కొత్త ప్రైమర్ నొక్కాలి, బుల్లి తక్కెడలో తుపాకిమందు తూచి పోయాలి, పైన గుండు బిగించాలి. మందు ఎక్కువైతే తుపాకీ మొహం మీదే పేలుతుంది.

బేస్‌మెంట్ కిటికీ నేలకు సమంగా ఉండేది. బడి బస్సు కోసం నిలబడ్డ పిల్లల బూట్లు మాత్రం కనబడేవి...

ఒకరోజు పక్కింటావిడ నన్ను చూపించి అక్కను ఏదో అడిగింది. "స్కూల్" అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది. అక్క తన కణత మీద వేలితో తట్టి, పెదవి విరిచింది. ఆవిడ జాలిగా నా తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే బావ తక్కెడ నా ముందుకు జరిపాడు. "జాగ్రత్తే పిల్లా. నీ చెయ్యి తడబడిందంటే నా కళ్ళు పోతాయ్."

"తెలివిలేనిదాని చేతిలో కళ్ళెందుకు పెడతారు బావా?" అన్నాను.

అక్క నా చెంప పగలగొట్టింది. బావ నవ్వాడు. "ముందు తూచవే, తర్వాత ఏడుద్దువుగాని. మందు తడిసిందంటే రెండోదీ పడుద్ది."

తూచాను. పెళ్ళయి ఆ ఇంట్లోంచి బయటపడేదాకా ఏటా తూచాను. బావ గోడ నిండా జింక తలలు తగిలించాడు. రెండు కళ్ళతో బతికాడు, రెండు కళ్ళతోనే పోయాడు. నా తెలివికి అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

ఒరే కిరణూ, ఆ మాట తీసెయ్యి.

ఇప్పుడు జింకలు మా గుమ్మం దాకా వచ్చి పూలమొక్కలు మేసి పోతున్నాయి. మనవరాలు పసుపు బస్సెక్కుతుంది. చెయ్యి ఊపుతాను గానీ... నా చూపు ముందు దాని బూట్ల మీదికే పోతుంది.

మీ ఇళ్ళలోనూ తెలివి తక్కువదని ముద్రవేసి, ఇంటెడు చాకిరీ చేయించుకున్న ఆడపిల్ల ఉందా? ఆమె పేరు పెట్టి కింద రాయండి. సుధ చదివి వినిపిస్తుంది.

రత్తమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: సుధ, మోహన్.