మా పక్కింటి ఆంటీ పసుపు దంచిన రోజు

మా పక్కింటి ఆంటీ పోయారు. మొన్న మంగళవారం పొద్దున కాఫీ కలుపుకుంటూ వంటగదిలోనే కూలబడ్డారు. ఆ మాట చెప్పడానికి ఆమె కూతురు మా తలుపు కొడితే, ఆంటీయే కరివేపాకు తెచ్చారనుకుని నవ్వుతూ తీశాను.

నేను ఏడో తరగతితో చదువు మానేసినదాన్ని. పెళ్లై సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లోని ఈ ఫ్లాట్‌కు వచ్చిన కొత్తలో, లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే తల దించుకునేదాన్ని. ఆంటీది అనంతపురం వైపు. "ఏమ్మే, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయనా?" అని ఏడిపించేవారు. ఈ ఊళ్లో నేను మాట్లాడడం నేర్చుకున్నది ఆమె దగ్గరే.

ఆంటీ కూతురు, ఇక్కడి చైనీస్ అమ్మాయి ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇక్కడి చట్టంలో ఆ పెళ్లికి చోటు లేదు. "కాగితం ఇయ్యకపోతే పోనీ, మనకు చేతులుండాయి గదా" అన్నారు ఆంటీ. రాయల కాలం నాటి పెళ్లిలా, అన్నీ ఇంట్లోనే చేసుకోవాలనుకున్నారు. నన్నూ పిలిచారు. చిన్నప్పుడు లేపాక్షి గుడిలో తలెత్తి పైకప్పు మీద చూసిన బొమ్మలను ఆంటీ చెబుతుంటే చైనీస్ అమ్మాయి పెళ్లి తెర గుడ్డ మీద గీసేది, నేను అంచులు కుట్టేదాన్ని. "కొప్పు ఇంకా పెద్దది. మెడ పట్టేసేదాకా చూసినదాన్ని, నాకు తెలీదా?" అనేవారు. బాసికాలు చేసేటప్పుడు, "ఇద్దరూ పెండ్లికూతుర్లే. రెండూ ఒకటే కొలత ఉండల్ల" అని చెప్పారు.

ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆంటీ వాళ్లింట్లో పసుపు దంచడానికి కూర్చున్నాం. కింది ఫ్లాటువాళ్లు గొడవ చేస్తారని రోలు కింద పాత దుప్పటి మడతపెట్టాం. ఆంటీ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. అంకుల్ పోయినప్పటి నుంచి ఆమె ఏ పెళ్లిలోనైనా వెనక వరసలోనే కూర్చునేవారు.

"నేను ముట్టగూడదు. నువ్వు ముత్తైదువ్వి, నువ్వు మొదలుపెట్టమ్మే."

"ఏంటమ్మా! ఇద్దరు అమ్మాయిల పెళ్లి ఓకే, నువ్వు పసుపు ముట్టుకుంటే నాట్ ఓకేనా? వేర్ గాట్ లైక్ దట్ లా!" అంది కూతురు, ఇదెక్కడి న్యాయమని ఇక్కడి యాస ఇంగ్లీషులో.

ఆంటీ నవ్వారు గానీ కదల్లేదు. "నా బిడ్డకు నా చేత కీడు జరిగితే?" అన్నారు మెల్లగా.

నేను లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "మీరు దంచకపోతే నేనూ దంచను ఆంటీ" అన్నాను. పెద్దవాళ్లకు అలా ఎదురు చెప్పడం నాకు అదే మొదలు.

ఆమె వచ్చి కూర్చున్నారు. మొదటి పోటు కళ్లు మూసుకునే వేశారు. తరువాత మాకెవరికీ వంతు రానివ్వలేదు. "నన్ను దంచనియ్యండే, ఎన్నేండ్లయిందో!" అంటూ కొమ్ములన్నీ తానే పొడి చేశారు. నేను లేచి వచ్చేటప్పుడు, "పెండ్లినాడు నా పక్కనే నిలబడు. నాకు బెదురుగా ఉంటాది" అన్నారు. ఆమెకు బెదురేమిటి! నా బెరుకు ఎరిగే అలా అన్నారు.

పెళ్లి జరుగుతుంది. ఆ రోజు నా పక్కన ఆమె ఉండరు. మధ్యాహ్నాలు కారిడార్‌లో చెప్పుల చప్పుడైతే ఇప్పటికీ చేతిలో పని ఆపి వింటాను.

చివరిచూపుకు వెళ్లినప్పుడు, ఇక్కడి పద్ధతిలో పెట్టెలో పడుకోబెట్టిన ఆమె చేతులు గుండెల మీద జోడించి ఉన్నాయి. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు ఉంది. ఎవరో పెద్దావిడ తడిగుడ్డతో తుడవబోతే, కూతురు ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది. పెట్టె మూసేదాకా వదల్లేదు.