పద్దెనిమిది పేర్లు, పద్దెనిమిది చుట్లు

నా చిన్నప్పుడు, మిషిగన్‌లో మేమున్న ఊరి నడిబొడ్డున, పచ్చిక మైదానంలో ఒక రాతి సిలువ ఉండేది. యుద్ధాల్లో పోయిన ఆ ఊరి కుర్రాళ్ళ పేర్లు పద్దెనిమిది దానిమీద చెక్కి ఉండేవి. ఏటా మెమోరియల్ డే నాడు ఐదో తరగతి పిల్లల్లో ఒకరు ఆ పేర్లు అందరి ముందూ చదవాలి. నేను ఐదుకొచ్చిన ఏడు టీచర్ చీటీ తీస్తే నా పేరొచ్చింది. సభ నడిపే పెద్దాయన మొహం మాడ్చుకుని, ఈ పిల్లకి మా పేర్లు పలకడానికి నోరు తిరుగుతుందా అన్నాడు. నేను కనపడ్డప్పుడల్లా నా పేరును ముక్కలు చేసే మనిషి ఆ మాట అనడం చూడండి! అయినా భయం భయమే. సగం పోలండ్ నుంచి వచ్చినవాళ్ళ పోలిష్ పేర్లాయె, ఒక్కటి తప్పు చదివినా ఆ ఊళ్ళో ఇక తలెత్తుకోలేననుకున్నాను.

అప్పుడు మా నాయనమ్మ గుంటూరు నుంచి వచ్చి మాతో ఉంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నా ఏడుపు చూడలేక నన్ను మైదానానికి లాక్కెళ్ళింది. చెప్పులు విడిచి, కుచ్చెళ్ళు దోపి, సిలువ చుట్టూ ప్రదక్షిణం మొదలెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"నాయనమ్మా, ఇది టెంపుల్ కాదు! ప్లీజ్, అందరూ చూస్తున్నారు!"

"చూస్తే చూడనీయవే. ఏ తల్లి కన్న బిడ్డలో, పేరు పెట్టి పిలిచేవాళ్ళుండాలి కదా. చుట్టుకో పేరు పిలువు, నెమ్మదిగా."

చుట్టుకో పసుప్పచ్చ డాండిలయన్ గడ్డిపువ్వు సిలువ కింది రాతి అరుగుమీద పెట్టి లెక్క చూసేది. మూడో రోజుకి పక్కింటి పోలిష్ మామ్మ కూడా మా వెనక నడుస్తూ నా పలుకు దిద్దసాగింది. వాటిలో ఒక పేరు ఆవిడ తమ్ముడిదట.

ఆ రోజు రానే వచ్చింది. మైకు ముందు నిలబడ్డానో లేదో, మొదటి పేరే నోటికి రాదు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ముందు వరసలో నాయనమ్మ చెప్పులు విడిచింది. అంతే! నేనూ బూట్లు విప్పి, వేదిక దిగి, సిలువ చుట్టూ నడిచాను. చుట్టుకో పేరు, గొంతెత్తి. తమ్ముడి పేరు వినగానే పక్కింటి మామ్మ లేచి నిలబడి భోరుమంది. పద్దెనిమిదీ అయ్యేసరికి మైదానమంతా లేచి నిలబడింది. ఒక్క తప్పూ దొర్లలేదు!

పెద్దాయన టోపీ తీసి వచ్చి, నా పూర్తి పేరు ఎలా పలకాలో అడిగాడు. నాయనమ్మ సిలువ వైపు వేలు చూపించి, తిరగమంది. పాపం, తిరిగాడు! మూడో చుట్టుకి నా పేరు ఆయన నోట చక్కగా పలికింది.

తరవాత ముప్పై ఏళ్ళు నేను టీచర్‌గా పనిచేశాను. ఏటా బడి తెరిచే ముందురోజు, కొత్త పిల్లల పేర్ల పట్టీ చేత్తో పట్టుకుని, చెప్పులు విడిచి, ఖాళీ క్లాస్‌రూమ్ చుట్టూ తిరిగేదాన్ని. నా దగ్గర ఏ బిడ్డా తన పేరు రెండోసారి చెప్పుకోవలసి రాలేదు.