నరాల బలహీనత

మా పుంగనూరులో మిలిటరీ దేవరాజులు అంటే తెలియనివాళ్లు లేరు. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ చొక్కా, మెలితిప్పిన మీసం. ఆ మీసం చూసే గోవిందప్ప కుప్పం నుంచి వెతుక్కుంటూ వచ్చి తన పెద్దకూతురు యమునను ఇచ్చాడు. మీసం చూసి పిల్లనిచ్చే లోకం మనది, ఎవరిని ఏమనగలం?

పెళ్లి తొంభై ఒకటిలో. అంతకు మూడేళ్ల ముందు దేవరాజులు మన సైన్యంతోపాటు శ్రీలంకలో, జాఫ్నాలో ఉన్నాడు. తమిళ సరిహద్దు వైపు పుట్టిపెరిగినవాడు కాబట్టి అరవం బాగా వచ్చు. అందుకని ఇళ్ల తలుపులు తట్టి, లోపలివాళ్లతో మాట్లాడే పని అతనికి అప్పగించారు. ఒకచోట లోపల గడియ తీసిన చప్పుడైంది. ఆ వెంటనే పేలుడు. పక్కనున్నవాళ్లు పోయారు, ఇతను మిగిలాడు. ఇంతకుమించి నాతో ఎప్పుడూ చెప్పలేదు. నేను పక్కింటివాణ్ణి, సైకిల్ షాపు నాది. మిలిటరీ వదిలి వచ్చాక రోజూ సాయంత్రం నా షాపు ముందు బల్లమీదే కూర్చునేవాడు.

పెళ్లయిన నాటినుంచీ పడకగది గడియ పడిందంటే చాలు, అతనికి చెమటలు పట్టేవి, ఒళ్లు చల్లబడిపోయేది. భార్యమీద ఇష్టం లేక కాదు. ఎంత ఇష్టమున్నా ఒళ్లు మాట వినేది కాదు. గడియ వేయకుండా ఉందామంటే బయట వసారాలోనే తల్లి చౌడమ్మ పడుకునేది. కొత్త జంట తలుపు తీసిపెట్టుకుని ఎట్లా పడుకుంటారు? కొన్నాళ్లకు ఆమె ఊరెళ్లినప్పుడు తలుపు బార్లా తెరిచి చూశారు. అప్పటికీ అంతే. భయం ఒంట్లోకి చేరిపోయాక దానికి తలుపుతో పనేముంది? ఇదంతా యమున మా ఆవిడ కృష్ణవేణికి చెప్పుకుని ఏడ్చేది.

యుద్ధంవల్ల నరాలు దెబ్బతిన్నాయని, మనసులో ఉన్నది ఎవరితోనైనా మాట్లాడితే నయమవుతుందని మిలిటరీ ఆసుపత్రి డాక్టరు హిందీలో చెప్పాడట. అందులో దేవరాజులుకు తెలుగులో మిగిలింది ఒకటే మాట, నరాల బలహీనత. మదనపల్లె బస్టాండు చుట్టూ గోడలనిండా ఆ మాటే. లాడ్జీకి వారంవారం వచ్చి గదిలో వైద్యం చేసే ఒకాయన రాయించిన ప్రకటన. తోడు నేనే వెళ్లాను. దేవరాజులు జాఫ్నా సంగతి ఎత్తబోయాడు. ఆ మహానుభావుడు వింటేగా. "పెండ్లికి ముందు ఏమేం తప్పులు చేసినావప్పా?" అని అడిగి, లేహ్యం డబ్బా చేతిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దేవరాజులు మాత్రం ఆ లేహ్యాన్ని ఏళ్ల తరబడి తిన్నాడు.

పిల్లలు పుట్టలేదు. నింద మామూలుగానే యమునమీద పడింది. రెండువేలలో చౌడమ్మ కుప్పం పోయి, యమున చెల్లెలు కుసుమను కూడా కొడుక్కి ఇమ్మని అడిగింది. అక్కకు పిల్లలు లేకపోతే చెల్లెల్ని అదే ఇంటికి ఇవ్వడం మావైపు కొత్తేమీ కాదు. పరాయిది వచ్చి తన కూతుర్ని తరిమేయడంకంటే ఇదే మేలనుకుని గోవిందప్ప సరేనన్నాడు. యమున ఇరుకున పడింది. నోరు విప్పితే మొగుడి పరువు, విప్పకపోతే చెల్లెలి బతుకు.

"నువ్వే చెప్పేయి. నా నోటితో చెప్పించొద్దు," అని మొగుణ్ణి బతిమాలింది.

మాట ఖాయం చేసుకోవడానికి గోవిందప్ప పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని పుంగనూరు వచ్చాడు. నన్నూ పిలిచారు. అందరూ కూర్చున్నాక దేవరాజులు లేచి నిలబడ్డాడు.

"మామా, నాకీ పెండ్లి వద్దు. నాకు నరాల బలహీనత ఉండాది."

ఆ ఒక్క మాట అనడానికి అతను ఎంత కూడదీసుకున్నాడో నాకు తెలుసు. పెద్దమనుషులు నవ్వారు.

"దానికేమప్పా, మదనపల్లె లాడ్జీలో డాక్టరు ఉండాడు గదా. వయసుపిల్ల ఇంటికొస్తే అదే సరిపోతాది," అన్నాడొకాయన.

రోజూ గోడలమీద చదివే మాట, ఎవరికీ అది జబ్బులాగా వినబడలేదు. గోవిందప్ప తాంబూలం పళ్లెం ముందుకు జరిపాడు. దేవరాజులు ఇంకేదో చెప్పబోయి, కూలబడిపోయాడు.

అప్పుడు యమున వంటింట్లోంచి వచ్చింది.

"నాయినా, నేనింకా కన్నెపిల్లనే. కుసుమను కూడా తెచ్చి ఇట్లే ఉంచాలనుకుంటాండావా?"

గోవిందప్ప అల్లుడివైపు తిరిగాడు.

"నిజమేనా అప్పా?"

"నిజమే మామా."

కుసుమ ఆ పెళ్లినుంచి బయటపడింది. యమున కోరింది అంతవరకే. కానీ గోవిందప్ప అక్కడితో ఆగలేదు, పెద్దకూతుర్ని కూడా ఆ పూటే తీసుకుపోతానన్నాడు. కొడుకు పరువు బజారున పెట్టిన మనిషి తన ఇంట్లో ఉండకూడదని చౌడమ్మ. వద్దనగలిగినవాడు ఒక్కడే, అతనేమో తల ఎత్తడు.

ట్రంకుపెట్టెను బస్టాండుదాకా మోసింది దేవరాజులే. వెంట నేను. కుప్పం బస్సులో గోవిందప్ప ముందెక్కాడు. యమున మెట్టు దగ్గర ఆగింది.

"నాకు పిల్లలొద్దు, ఏమొద్దు. ఉండమని ఒక్కమాట చెప్పు. నేను యాడికీ పోను."

"చెప్తే ఉండిపోతావు, నాకు తెలుసు," అన్నాడు దేవరాజులు. "పో, ఎక్కు."

ఆమె ఎక్కింది. బస్సు బస్టాండు దాటి మలుపు తిరిగేదాకా అతను కదల్లేదు.

"ఇప్పుడు పిలిస్తే వినపడదు గదా?" అని నన్నడిగాడు.

"వినపడదు," అన్నాను.

అప్పుడు పిలిచాడు, "యమునా" అని.