ఎత్తకూడని చెయ్యి

మోటారు సైకిలు మీంచి పడి ఎముక విరగ్గొట్టుకున్నవాడికి ఆసుపత్రిలో మొట్టమొదట కనబడే మొహం డాక్టరుదని మీరనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ మొహం పర్సెంటు మాస్టారిది. ఎముకల వార్డులో ఇంకా మత్తు దిగనివాడి మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుని, "ఎంత ఘోరం జరిగిపోయింది నాయనా!" అని ఒక్క నిట్టూర్పు విడిచి, ఆ నిట్టూర్పు పూర్తి కాకముందే సంచీలోంచి వకాలత్తు కాగితం తీసేవాడు. కుడిచెయ్యి విరిగి సంతకం పెట్టలేనివాడైతే ఎడమ బొటనవేలికి తానే సిరా పూసేవాడు. అంతటి దయామయుడు!

ఆయన మాస్టారూ కాదు, వకీలూ కాదు. వకీలు కావాలని మూడుసార్లు పరీక్ష రాసి, మూడుసార్లూ తప్పి, చివరికి ఓ వకీలు దగ్గర గుమాస్తాగా కుదురుకున్నాడు. ఆ వకీలుకి నల్లకోటు ఉంది గాని నోరు లేదు. ఈయనకి నోరుంది గాని కోటు లేదు. ఇద్దరికీ సరిగ్గా సరిపోయింది. ఆఫీసంటే మేడమెట్ల కిందున్న గది. నిటారుగా లేస్తే మెట్టు నెత్తికి కొట్టుకుంటుంది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు సరిగా పడని ఇనప బీరువా, మూలన ఆరు జతల చంకకర్రలు. ఆ కర్రలు నడవలేనివాళ్ళ కోసం అనుకునేరు, కాదు. బాగా నడవగలిగి కోర్టుకి వచ్చేవాళ్ళ కోసం.

దెబ్బ తగిలినవాడికి బీమా కంపెనీ ఎంత పరిహారం ఇవ్వాలన్నది ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది. మెడికల్ బోర్డు డాక్టర్లు విరిగిన కాలో చెయ్యో వంచి చూసి, ఎత్తించి చూసి, కొలిచి, ఈ మనిషి ఇంత శాతం పనికిరాకుండా పోయాడని రాసిస్తారు. ఆ శాతం పెరిగితే పరిహారం పెరుగుతుంది. మాస్టారికి ఆ పేరు అలా వచ్చింది. రోడ్డు మీద ఎవరైనా కుంటుతూ పోతుంటే, "పన్నెండు. గట్టిగా లాగితే పధ్నాలుగు," అని పక్కవాడితో అనేవాడు. ఆయన కళ్ళకి మనుషులు ఆనరు.

న్యాయంగా రావాల్సింది రప్పించడానికి ఇంత నాటకం అక్కర్లేదు. నిజంగా దెబ్బలు తిని, కుటుంబమంతా వీధిన పడ్డవాళ్ళు ఆ వార్డు నిండా ఉంటారు. వాళ్ళ కాగితాలు సరిగ్గా పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఓపిగ్గా తిరిగితే చాలు. కాని ఓపిగ్గా తిరగడంలో గొప్పేముంది? మాస్టారికి గొప్ప కావాలి. అందుకని కోర్టు వెనక సైకిళ్ళ షెడ్డులో నడక పాఠాలు చెప్పేవాడు. "ఆ కాలు ఈడ్చు. ఈడ్చమన్నాను గాని డాన్సు చెయ్యమన్నానా? మొహంలో బాధేదీ? నీ మొహం చూస్తే పెళ్ళికొచ్చినట్టుంది." ఓసారి ఒక పాలవాడు షెడ్డులో చక్కగా ఎడమకాలు ఈడ్చి, లోపల జడ్జిగారి ముందు కంగారులో కుడికాలు ఈడ్చాడు. ఇంకొకాయన సాక్ష్యం చెప్పి బయటికొచ్చి, బస్సు కదిలిపోతోందని చంకకర్రలు రెండూ ఒక చేత పట్టుకుని పరుగెత్తాడు. అలాంటివాళ్ళ గురించి చెప్పేటప్పుడు మాస్టారి మూతి వంకరపోయేది. "వెధవలకి దెబ్బ తగిలించుకోవడం కూడా చేతకాదు," అనేవాడు.

త్వరగా కోలుకున్నవాళ్ళంటే ఆయనకి మరీ చిరాకు. ఎముక అతుక్కుని హాయిగా నడుచుకుంటూ ఆఫీసుకొచ్చినవాణ్ణి, ఇంటి పరువు తీసిన కొడుకుని చూసినట్టు చూసేవాడు.

అలాంటి మాస్టారి బావమరిదికి యాక్సిడెంటయింది.

బావమరిది అంటే భార్యకి సొంత తమ్ముడు. కరెంటు పని చేసేవాడు. ముఖ్యంగా ఫ్యాన్లు. ఊళ్ళో కొత్త ఇల్లు పూర్తయిందంటే కప్పుకి ఫ్యాను బిగించడానికి అతనే రావాలి. బరువైన మోటారుని ఒక చేత్తో కొక్కెం దగ్గర ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో బోల్టు తిప్పేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. పనిముట్ల సంచీ వీపున వేసుకుని మోటారు సైకిలు మీద పోతుంటే, ఆగి ఉన్న కారులోంచి ఒక పెద్దమనిషి చూసుకోకుండా తలుపు తెరిచాడు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. ప్లేటు వేశారు.

తప్పు పూర్తిగా కారుదే. చూసినవాళ్ళున్నారు, పోలీసు కాగితం ఉంది. ఏ నాటకమూ అక్కర్లేకుండా గెలిచే కేసు. అయినా మాస్టారు చేతులు రుద్దుకున్నాడు. సొంత బావమరిది కేసులో ఊరంతా నోరెళ్ళబెట్టే పర్సెంటు తెప్పించకపోతే ఇన్నేళ్ళ అనుభవం ఎందుకు, తగలెయ్యనా అనుకున్నాడు.

ఆరు వారాలకి కట్టు విప్పుతూ డాక్టరు గట్టిగా చెప్పింది. "ఇవాళ్టి నుంచి రోజూ గోడ దగ్గర నిలబడి వేళ్ళు పైకి పాకించాలి. నొప్పెడుతుంది, అయినా మానకూడదు. కదపకుండా ఉంచారో, భుజం బిగుసుకుపోతుంది. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడ్చినా లాభం లేదు." భార్యా, అక్కా పక్కనే ఉండి విన్నారు. అతను మర్నాడే వంటింటి గోడ దగ్గర నిలబడి, పళ్ళు బిగించి వేళ్ళు పాకించాడు. ఎక్కడి దాకా వచ్చాయో భార్య పెన్సిలుతో గీత పెట్టింది.

ఆ గీత చూసి మాస్టారు కస్సుమన్నాడు.

"బుద్ధుందా నీకు? బోర్డు వాళ్ళు కొలవకముందే చెయ్యి పైకెత్తేస్తే ఇంకేం మిగులుతుందిరా? నీ పర్సెంటు నువ్వే గోడ మీద తుడిచేసుకుంటున్నావ్!"

"డాక్టరమ్మ రోజూ చెయ్యమంది బావా. లేకపోతే బిగుసుకుపోతుందట."

"డాక్టర్లు అలాగే బెదిరిస్తారు. ఇలాంటి భుజాలు నేనెన్ని చూళ్ళేదు! బోర్డు వచ్చేనెలే. కొలత అయ్యాక గోడేం ఖర్మ, చెట్లెక్కు, ఎవడొద్దన్నాడు? అప్పటిదాకా ఆసుపత్రి మొహం కూడా చూడకు. చీటీ మీద 'మెరుగైంది' అని రాశారంటే కొంప మునుగుతుంది."

అతను చెయ్యి గుడ్డలో వేసుకుని మెడకి తగిలించుకున్నాడు. పెద్దవాడు, చదువుకున్నవాడు, అక్క మొగుడు. అలాంటివాడి మాట కాదనడం అతనికి చేతకాదు.

వచ్చేనెల బోర్డులో ఒక డాక్టరు సెలవు పెట్టాడు. ఆపై నెల ఫైలు కనబడలేదు. ఆ తర్వాత నెల పిలిచి, పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చోబెట్టి, టైమైపోయింది మళ్ళీ రమ్మన్నారు. మాస్టారు బోర్డు వాళ్ళ గదుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు గాని, ఒక్కసారైనా బావమరిది భుజం మీద చెయ్యి వేసి చూశాడా? ఆ ఆలోచనే రాలేదు మహానుభావుడికి.

"బావా, నిజంగానే బిగుసుకుంటోంది," అన్నాడు అతను నాలుగో నెలలో.

"శభాష్! బోర్డు ముందు కూడా అచ్చం ఇలాగే అను. ఆ గొంతు మార్చకు."

"కాదు బావా, చొక్కా వేసుకోవాలన్నా మా ఆవిడ పట్టుకోవాల్సొస్తోంది."

"అది కూడా చెప్పు! జడ్జిగారికి అలాంటివి బాగా పడతాయి."

ఏం చెయ్యగలడు? ఏం చెప్పినా ఈ మనిషికి రిహార్సల్ లాగే వినబడుతుంది. పైగా ఆ జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకుంది. ఓ రోజు తమ్ముడు అలమరలోంచి గ్లాసు తియ్యబోయి, చెయ్యి అందక ఆగిపోతే అక్క పకపకా నవ్వింది. "ఇంట్లో కూడా ఎందుకురా అంత నటన? మీ బావ ఊళ్ళో లేడులే," అంది. "నటన కాదక్కా," అని తమ్ముడు కూడా నవ్వేసి, ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు.

ఎనిమిదో నెలలో బోర్డు కొలిచింది. వచ్చిన అంకె చూసి మాస్టారికి కళ్ళు నెత్తికెక్కాయి. భుజం దెబ్బకి అంత శాతం తను ఏనాడూ తెప్పించలేదు. ఆ సర్టిఫికెట్టు టీ కొట్టు దగ్గర పదిమందికి చూపించాడు. "పాఠం చెప్పినవాడు కాదు, నేర్చుకున్నవాడు గొప్ప," అని బావమరిది వీపు తట్టాడు. వీపు తడితే అతను నొప్పితో పక్కకి జరిగాడు. అది కూడా నచ్చింది మాస్టారికి.

చివరికి కోర్టు. బీమా కంపెనీ వకీలు ఇలాంటి నాటకాలు చూసి చూసి ఒళ్ళు మండి ఉన్నవాడు. అందులో ఆయన తప్పేముంది? సైకిళ్ళ షెడ్డులోంచి వచ్చినవాళ్ళని ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాడు. సాక్షి బోనులో ఉన్న ఎలక్ట్రీషియన్ని చెయ్యి ఎత్తమన్నాడు. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా ఎత్తమన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది, మెడ నరాలు తేలాయి, చెయ్యి మాత్రం అంగుళం కదల్లేదు.

"ఏమయ్యా, ఎవరు నేర్పారు నీకీ నటన?"

"నటన నాకు రాదండీ," అన్నాడు అతను, కళ్ళు దించుకుని. "వస్తే బాగుండేది."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి, చాల్లే, చెయ్యి దించమన్నారు. వెనక బెంచీలో మాస్టారు తొడ చరుచుకోవడమొక్కటే తక్కువ. ఆ రెండో మాట తను నేర్పలేదు. ఎంత తెలివి! సొంతంగా కల్పించాడు!

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. అడిగినదంతా ఇమ్మన్నారు. మాస్టారు వరండాలోకి ఉరుకుతూ వచ్చాడు. అక్కడ స్తంభం పక్కన బావమరిదీ, అతని అక్కా నిలబడి ఉన్నారు. బీమా వకీలు జీపెక్కి వెళ్ళిపోయాడని రూఢి చేసుకుని, అటూ ఇటూ చూసి, మాస్టారు నవ్వాడు.

"అయిపోయిందిరా! ఇంక దాచక్కర్లేదు. ఎత్తు! పైకెత్తు చెయ్యి!"

అతను కదల్లేదు.

"ఎవరూ చూడ్డం లేదురా, భయపడకు."

"ఎత్తలేను బావా."

"చాల్లే, నా దగ్గరా?" అంటూ మాస్టారు అతని మణికట్టు పట్టుకుని, సరదాగా, ఒక్క ఊపున పైకి లేపాడు. అతను పెట్టిన కేకకి వరండాలో జనం గిరుక్కున తిరిగారు. చెయ్యి ఛాతీ దగ్గరే నిలిచిపోయింది. మాస్టారి వేళ్ళకి ఆ భుజం బిగువు తెలిసింది. ఇన్ని నెలల్లో ఆ చేతిని పట్టుకుని చూడటం ఆయనకి అదే మొదటిసారి.

అక్క మొహం తెల్లబోయింది. "ఏరా, ఇంతేనా? నిజంగా ఇంతేనా?"

"ఇంతే అక్కా. పోయిన నెల మా ఆవిడా నేనూ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం. ఆలస్యమైపోయింది, ఇంక ఫ్యాన్ల పని మర్చిపోమంది."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"చెప్పాను కదక్కా."

ఆవిడ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మొగుడి వైపు తిరిగింది. ఆయన నోరు తెరిచాడు. ఏదో ఒకటి అనాలి గనుక, అలవాటైన నోరు గనుక, "అలాగైతే... అప్పీలుకి వెళ్దాం. పర్సెంటు ఇంకా పెంచమని అడగొచ్చు," అన్నాడు.

థూ! ఆ మాట బయటికొచ్చాక ఆయనకే వినబడింది.

"మీరింక మాట్లాడకండి," అంది ఆవిడ. "వాడి అన్నం వాడు తినే చెయ్యండీ అది. మీ చేతుల్లో పెడితే మీరేం చేశారు? మనిషి జన్మేనా మీది?"

ఆవిడ ఇంకా ఏదో అనబోయింది. తమ్ముడు ఎడమచేత్తో ఆవిడ భుజం పట్టుకుని ఆపాడు.

"ఊరుకో అక్కా, అందరూ చూస్తున్నారు. బావ నా మంచికే చెప్పాడు."

అందులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని మాస్టారు అతని మొహంలోకి ఆశగా చూశాడు. లేదు. ఆ పిచ్చివాడు నిజంగానే అలా నమ్ముతున్నాడు.